తామరకు తోడుపెట్టి చూసే పరీక్ష

(రేడియో మహిళా కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



వానాకాలంలో పదిరోజులు పట్టించుకోకుండా వదిలేసిన ఊరగాయ జాడీ మూత తీస్తే ఏం కనిపిస్తుందో మీకు నేను చెప్పనక్కరలేదు. పైన నూనె తేలినంతవరకూ ఫరవాలేదు. నూనె తగ్గి ముక్క బయటపడిన చోట తెల్లగా, దూదిలాగా బూజు పట్టి వుంటుంది. చెంచాతో పైపైన తీసి పారేసి, అడుగున బాగానే వుందిలే అనుకుంటాం. నాలుగు రోజులకి మళ్ళీ అదే బూజు. పైకి కనిపించింది కొంతే. సన్నటి పోగులు అప్పటికే లోపలికి దిగి వున్నాయి.

ఆ బూజు జాతికి చెందినవే కొన్ని మన ఒంటిమీద కూడా కాపురం పెడతాయి. తామర అంటాం చూశారూ, అంచు ఎర్రగా లేచి, మధ్యలో కాస్త మానినట్టుండి, గుండ్రంగా పాకుతూ, ఒకటే దురద పెట్టేది, అది అలాంటిదే. పుస్తకాల్లో శిలీంధ్రం అని రాస్తారు. డాక్టర్లు ఫంగస్ అంటారు. మనం ఊరగాయ జాడీ దగ్గర చేసే పనే దీని దగ్గరా చేస్తున్నాం. పైపైన ఏదో రాస్తాం, కనిపించకపోతే పోయిందనుకుంటాం. పట్టింది ఏ బూజో తెలుసుకోవడానికి లాబరేటరీలో చేసే పరీక్షను గురించి ఇవాళ చెప్పబోతున్నాను. నేను డాక్టర్ని కాను. నా ఒంటిమీదికి వచ్చాకనే ఈ సంగతులు తెలుసుకున్నాను. అందుకని ముందు నా కథే చెప్తాను.

నాకు తామర వచ్చింది నడుం దగ్గర, లోపావడా బొందు కట్టుకునే చోట. వేసవికాలం, పొయ్యి దగ్గర చెమట, తడిసిన బొందు అక్కడే ఒరుసుకుంటూ వుండడం. మనలో చాలామందికి అక్కడే మొదలవుతుంది. పైకి కనిపించే చోటు కాదు, ఎవరికీ చెప్పుకునేదీ కాదు. ఎదురింటావిడ ఒక ట్యూబు పేరు చెప్పింది. మందుల షాపులో అడిగితే చీటీ అడగకుండానే ఇచ్చారు. రాసిన రెండోరోజుకే దురద తగ్గింది, వారానికి ఎరుపు పోయింది. ఎంత మంచి మందో అనుకున్నాను. మానేసిన పదిరోజులకి మళ్ళీ వచ్చింది, ఈసారి రెండు చోట్ల. మళ్ళీ రాశాను. ఇలా ఎనిమిది నెలలు ట్యూబు మీద ట్యూబు వాడాను. చివరికి నడుం చుట్టూ వడ్డాణం పెట్టినట్టయింది. మా అమ్మాయికి మెడ మీద మొదలయింది. కాలేజీకి వెళ్ళే పిల్ల, నలుగురిలో మెడ మీద చెయ్యి తియ్యకుండా కూచునేది. అది చూశాక సిగ్గు పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళాను.

డాక్టరమ్మ చూడగానే మొదట అడిగిన మాట, "ఏం రాస్తున్నారమ్మా? ఆ ట్యూబు తెచ్చారా?" అని. తీసి ఇచ్చాను. వెనకాల సన్నక్షరాల్లో వున్న పేరు చూపించింది. క్లోబెటాసాల్. అది స్టెరాయిడ్ మందు. బూజును చంపదు. బూజు వచ్చిందని మన ఒళ్ళు చేసే గోల, అంటే ఎరుపూ దురదా వాపూ, వాటిని అణిచేస్తుంది. దొంగ పడినప్పుడు మొరిగే కుక్క నోరు కట్టేసినట్టన్నమాట. ఇల్లు నిశ్శబ్దంగానే వుంటుంది, దొంగ మాత్రం తాపీగా అన్ని గదులూ తిరుగుతాడు. అలా చాలాకాలం రాస్తే తామర తన గుండ్రటి ఆకారం కూడా పోగొట్టుకుంటుంది, చూసిన డాక్టరుకే పోల్చుకోవడం కష్టమవుతుంది. చర్మం పలచబడి చారలు పడతాయి. నాకు పడిన చారలు ఇప్పటికీ వున్నాయి. స్టెరాయిడ్ పూతమందులు కొన్నింటిని డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. అయినా మనం అడుగుతూనే వున్నాం, వాళ్ళు ఇస్తూనే వున్నారు.

ఇక పరీక్ష సంగతి. మచ్చ అంచున, ఎర్రగా లేచిన చోట, స్పిరిటుతో తుడిచి, మొద్దు అంచున్న కత్తితో మెల్లగా గీకుతారు. నొప్పేమీ వుండదు. రాలిన పొట్టును కాగితం మీద పడతారు. మధ్యలో కాకుండా అంచునే ఎందుకంటే, బూజు బతికి పాకుతున్నది అక్కడే. ఆ పొట్టులో కొంచెం గాజుపలక మీద వేసి పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తారు. అది మన చర్మపు పొట్టును కరిగించి పారదర్శకంగా చేస్తుంది. బూజు పోగులు మాత్రం కరగవు. అప్పుడు మైక్రోస్కోపులో చూస్తే కొమ్మలు వేసిన సన్నటి తీగల్లా కనిపిస్తాయి. ఖర్చు తక్కువ, ఫలితం ఆ పూటే తెలుస్తుంది.

నాకు ఏమీ కనిపించలేదన్నారు. చూశారా, నాకేమీ లేదని సంతోషించబోయాను. డాక్టరమ్మ నవ్వి, "లేకపోవడం వేరు, కనిపించకపోవడం వేరమ్మా" అంది. ఈ మధ్యలో నేను ఇంకొకరు చెప్పిన బూజు మందు కూడా నాలుగు రోజులు రాసి వున్నాను. మందు రాసి వెళ్తే బూజు పైన తగ్గిపోయి, పరీక్షకు దొరకదు. రెండువారాలు ఏమీ రాయకుండా రమ్మంది. ఆ రెండువారాలూ నేను పడ్డ అవస్థ భగవంతుడికి తెలుసు. స్టెరాయిడ్ ఆపగానే అణిగి వున్నదంతా మంటలాగా లేచింది. కానీ రెండోసారి గీకినప్పుడు తీగలు స్పష్టంగా కనిపించాయి. కావాలంటే చూడండమ్మా అని నన్ను కూడా మైక్రోస్కోపులో చూడనిచ్చారు.

మిగిలిన పొట్టును కల్చర్‌కు పంపిస్తామన్నారు. కల్చర్ అంటే ఏమిటండీ అని అడిగాను. "మీరు రోజూ పాలు తోడుపెట్టరూ? అలాంటిదే" అంది డాక్టరమ్మ. గోరువెచ్చటి పాలల్లో చెంచాడు పెరుగు కలిపితే, ఆ చెంచాడులో వున్న ప్రాణులు పాలన్నీ ఆక్రమించి తెల్లారేసరికి గిన్నెడు పెరుగవుతాయి. లాబ్‌లోనూ అంతే. కంటికి ఆననంత బూజును దానికి ఇష్టమైన మేత మీద వేసి, అనువైన వేడిలో వుంచి, కంటికి కనిపించేదాకా పెంచుతారు. తేడా ఏమిటంటే పాలు ఒక రాత్రిలో తోడుకుంటాయి. తామర బూజు మహా నిదానస్తురాలు. దానికి వారం నుంచి రెండువారాలు పడుతుంది, నాలుగువారాల దాకా చూసిగాని ఏమీ మొలవలేదని చెప్పరు.

ఆ మేతను సిద్ధం చేసినాయన పేరు రేమండ్ సబూరో. పారిస్‌లో చర్మవ్యాధుల డాక్టరు. తామర బూజుల మీదే జీవితమంతా పనిచేసి, 1910లో పెద్ద గ్రంథం రాశాడు. ఆయన పేరుమీదనే ఇప్పటికీ ఆ మేతను పిలుస్తారు. చక్కెర జాతి పదార్థమూ, మాంసకృత్తుల నుంచి తీసిన పెప్టోనూ అందులో వుంటాయి. కొంచెం పులుపు గుణం వుండడంవల్ల బాక్టీరియాకు అది అంతగా నచ్చదు, బూజుకు నచ్చుతుంది. ఈ రోజుల్లో బాక్టీరియాను ఆపే మందొకటి, గాలిలో తిరిగే మామూలు బూజుల్ని ఆపే మందొకటి కలుపుతున్నారు. మన తోడుగిన్నె మీద మూత పెట్టినట్టే, పిలవని చుట్టాలు రాకుండా జాగ్రత్త.

ఇదంతా గట్టిపడి జెల్లీలాగా నిలబడాలంటే అగర్ కావాలి. మనం చైనా గ్రాస్ అని కొనుక్కుని హల్వా, పుడ్డింగూ చేసుకునేదే. ఇది లాబ్‌లోకి ఎలా వచ్చిందో వింటే మీకు సంతోషం కలుగుతుంది. 1881లో జర్మనీలో వాల్టర్ హెస్సే అనే డాక్టరు, ప్రసిద్ధుడైన రాబర్ట్ కోక్ దగ్గర పనిచేస్తున్నాడు. అప్పట్లో జెలటిన్ వాడేవారు. కొంచెం ఎండ కాస్తే చాలు, అది కరిగి నీళ్ళయ్యేది, పెంచినదంతా కలగాపులగం. ఆయన భార్య ఫానీ హెస్సే, పరిశోధనలో సాయం చేస్తూ బొమ్మలు గీసిపెట్టే ఆవిడ, వేసవిలో కూడా తన జెల్లీలు కరగవేమని భర్త అడిగితే అగర్ సంగతి చెప్పింది. జావా ద్వీపంలో వుండి వచ్చిన పొరుగువారి దగ్గర ఆవిడ నేర్చుకుందది. ఆ మరుసటి ఏడు కోక్ క్షయ క్రిముల మీద రాసిన వ్యాసంలో అగర్ పేరుంది, ఫానీ పేరు లేదు. అయినా ఇవాళ ప్రపంచంలో ఏ లాబ్‌కి వెళ్ళినా గాజుపళ్ళెంలో వున్నది ఆ ఇల్లాలి వంటింటి దినుసే.

సరే, నా గాజుగొట్టం దగ్గరికి వద్దాం. పన్నెండోరోజుకు పిండి చల్లినట్టు తెల్లటి బూజు మొలిచింది. దాన్ని పైనుంచి చూసిన రంగు ఒకటి, వెనకనుంచి చూసిన రంగు ఇంకొకటి. రెండూ రాసుకుంటారు. కొన్ని జాతులు వెనకవైపు ద్రాక్షసారాయి రంగులో వుంటాయి, కొన్ని పసుపు. తర్వాత చిన్న ముక్క తీసి నీలంరంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే బీజాలు కనిపిస్తాయి. నాదాంట్లో అవి ద్రాక్షగుత్తుల్లాగా వున్నాయి, మధ్యమధ్య స్ప్రింగులా చుట్టుకున్న పోగులు కూడా. ఇవి చూసే ట్రైకోఫైటాన్ జాతి, అందులో ఫలానా గుంపు అని తేల్చారు.

పేరు తెలిస్తే ఒరిగేదేమిటి అని మీరనుకోవచ్చు. నేనూ అనుకున్నాను. మొదటి సంగతి, బూజు పేరు తెలిస్తే అది ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుస్తుంది. కొన్ని పిల్లులనుంచి, కుక్కపిల్లలనుంచి పిల్లలకి అంటుతాయి. కొన్ని ఆవులూ దూడలనుంచి. కొన్ని మట్టిలోనుంచి. దూడనుంచి వచ్చిన తామరకు పిల్లవాడి తలకు మాత్రమే వైద్యం చేసి, దూడను వదిలేస్తే ఏం లాభం? నాకు వచ్చింది మనిషినుంచి మనిషికి అంటే రకం. "ఇంట్లో ఇంకెవరికి వుంది?" అని డాక్టరమ్మ గట్టిగా అడిగితే, అప్పుడు నోరు విప్పారు మావారు. ఆయనకు గజ్జల్లో ఏడాదిగా వుందిట! సిగ్గు ఆడవాళ్ళకే అనుకుంటాం. ఒకే తువాలు వాడుకుంటూ, ఒకే బకెట్లో బట్టలు నానేస్తూ, ఒకరికొకరం ఇచ్చిపుచ్చుకుంటున్నాం.

రెండో సంగతి, ఏ మందుకు లొంగుతుందో తెలుస్తుంది. తామరకు చాలాకాలంగా టెర్బినఫిన్ అనే మందు చక్కగా పనిచేసేది. కొన్నేళ్ళుగా మనదేశంలో చాలామందికి అది పనిచేయడం లేదని డాక్టర్లు గమనించారు. జపాన్‌లో వున్న నేపాలీ, భారతీయ రోగుల దగ్గర తీసిన బూజును పెంచి పరీక్షించి, అది మందుకు లొంగని కొత్త రకమని 2020లో అక్కడి శాస్త్రజ్ఞులు పేరు పెట్టారు. పేరేమిటనుకున్నారు? ట్రైకోఫైటాన్ ఇండోటినియే. మన దేశం పేరు అందులో వుంది. గర్వపడే పేరు కాదు. అది తర్వాత యూరపులోనూ, అమెరికాలోనూ కూడా కనిపించింది. మైక్రోస్కోపులో దీనికీ దీని దగ్గర చుట్టాలకీ తేడా తెలియదు, జన్యువుల పరీక్ష చేయాలి. కానీ పెంచిన బూజు చేతిలో వుంటే ఆ పరీక్షా చెయ్యవచ్చు, ఒక్కొక్క గుంటలో మందు పాలు పెంచుకుంటూ పోసి, ఎంత మందుకు పెరగడం ఆగుతుందో చూడనూవచ్చు. అలా పెంచినవాటిని జాగ్రత్తగా దాచిపెట్టే చోటు కూడా మనకుంది. చండీగఢ్‌లోని పి.జి.ఐ. వైద్యసంస్థలో రోగాలు తెచ్చే శిలీంధ్రాల జాతీయ సేకరణ వుంది. రైతు విత్తనాలు దాచుకున్నట్టు, ఇవాళ దాచిన బూజు మీద రేపు వచ్చే మందును పరీక్షిస్తారు. ఎవరో ఒక ఇల్లాలి చర్మపు పొట్టులోనుంచి మొలిచినదే అక్కడికి చేరుతుంది.

బూజును పెంచడంవల్ల మందులు ఎలా పుడతాయో చెప్పడానికి ఇంకో ఇద్దరు స్త్రీలను తలుచుకోవాలి. ఎలిజబెత్ హేజెన్, రేచెల్ బ్రౌన్. ఇద్దరూ న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్యశాఖ లాబరేటరీలలో పనిచేసేవారు. హేజెన్ న్యూయార్క్ నగరంలో, బ్రౌన్ ఆల్బనీ పట్నంలో. హేజెన్ రకరకాల చోట్ల మట్టి తెప్పించి, అందులోని సూక్ష్మజీవుల్ని పెంచి, రోగాలు తెచ్చే రెండు శిలీంధ్రాల మీద ప్రయోగించేది. పనిచేసిన వాటిని సీసాల్లో పెట్టి పోస్టులో ఆల్బనీకి పంపేది. బ్రౌన్ అందులోనుంచి మందు వేరుచేసి మళ్ళీ పోస్టులో పంపేది. శిలీంధ్రాన్ని చంపినవి చాలావరకు జంతువులకూ విషమే అయ్యాయి. చివరికి 1948లో వర్జీనియాలో హేజెన్ స్నేహితుల పాడిపశువుల క్షేత్రం మట్టిలో వాళ్ళు వెతుకుతున్నది దొరికింది. 1950లో లోకానికి ప్రకటించారు. న్యూయార్క్ స్టేట్ అన్న మాటలనుంచే దానికి నిస్టాటిన్ అని పేరు. దానివల్ల వచ్చిన కోటి ముప్ఫై లక్షల డాలర్ల పైచిలుకు రాయల్టీలో ఇద్దరూ సొంతానికి వాడుకోకుండా పరిశోధనలకే ఇచ్చేశారు.

ఇక్కడ ఒక ముఖ్యమైన మాట. నిస్టాటిన్ కాండిడా అనే రకం మీద పనిచేస్తుంది. పసిపిల్లల నోట్లో తెల్లటి పూత వస్తుంది చూడండి, అదీ కాండిడాయే. కానీ తామరకు నిస్టాటిన్ పనికిరాదు. బూజు మందే కదా అని ఏదో ఒకటి రాయడానికి వీల్లేదన్నమాట. ఆడవాళ్ళకు తెల్లబట్ట అవడానికి కూడా కాండిడా ఒక కారణం. ఒక కారణమే సుమా, అన్నింటికీ అదే కాదు. ఎవరో చెప్పిన బిళ్ళ కొనుక్కుని వేసుకునే బదులు, డాక్టరు దగ్గర చిన్న పరీక్ష చేయించుకుంటే ఏదో తేలిపోతుంది. కాండిడా తామర బూజులాగా నిదానం కాదు, ఒకటి రెండు రోజుల్లోనే కల్చర్‌లో మొలుస్తుంది. అది మాటిమాటికీ వస్తూవుంటే చక్కెర వ్యాధి వుందేమో కూడా చూపించుకోవాలి.

నేను ఓపిక పట్టాలంటున్నానని అన్నింటికీ ఓపిక పట్టకండి. రెండు విషయాల్లో గంట కూడా ఆలస్యం చేయకూడదు. ఒకటి కన్ను. కోతలప్పుడు, నూర్పిళ్ళప్పుడు వరిపొట్టో, ఆకో కంట్లో కొట్టుకుంటుంది. నాలుకతో తీయడం, పసరు పోయడం, మందుల షాపులో చుక్కలు కొని వేయడం, ఇవి చూస్తూనే వున్నాం. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ వుంటే నల్లగుడ్డు మీద పెరిగే బూజుకు విందుభోజనమే. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రివారు 2002లో ప్రచురించిన పదేళ్ళ పరిశీలనలో, నల్లగుడ్డుకు శిలీంధ్రం పట్టిందని కల్చర్‌లో రుజువైన కేసులే 1,352 వున్నాయి. రెండోది, కోవిడ్ రెండో అలలో 2021లో మనల్ని వణికించిన బ్లాక్ ఫంగస్. మనదేశంలో అప్పుడు 40,000 మందికి పైగా దాని వాత పడ్డారు. నిజానికి ఆ బూజు నలుపు కాదు, రక్తం అందక చచ్చిపోయిన కండ నల్లబడుతుంది. పాచిపోయిన రొట్టె మీద మొలిచే బూజుకు అది దగ్గరి చుట్టమే. ఇలాంటి వాటికి కల్చర్ వచ్చేదాకా ఆగరు. మైక్రోస్కోపులో ఆ పూటే చూసి వైద్యం మొదలుపెడతారు, కల్చర్ వెనకనుంచి వచ్చి పేరు చెబుతుంది.

తామర వచ్చిన ప్రతివారికీ కల్చర్ అక్కరలేదు. చాలామందికి డాక్టరు చూపూ, ఆ గీకి చూసే పరీక్షా చాలు. మందు వాడినా తగ్గకపోతే, తగ్గి మళ్ళీ మళ్ళీ వస్తుంటే, గోళ్ళకో తలకో పడితే అప్పుడు అడగండి. పరీక్షకు వెళ్ళేముందు ఎన్నాళ్ళు మందు ఆపాలో డాక్టర్ని అడిగి ఆ ప్రకారం ఆపండి. వాడిన ట్యూబులన్నీ పట్టుకెళ్ళండి, ఖాళీవి కూడా. మచ్చ కనిపించకుండా పోయిందని మందు మధ్యలో మానకండి. ఊరగాయ జాడీ జ్ఞాపకం పెట్టుకోండి. ఎవరి తువాలు వారిదే. తామర వున్నవాళ్ళ బట్టలు విడిగా వేణ్ణీళ్ళలో ఉతికి ఎండలో ఆరెయ్యండి. లోపావడా బొందు తడిస్తే మార్చుకోండి. ఇంట్లో ఎవరికి వున్నా అందరూ ఒకేసారి చూపించుకోండి.

మాకు ముగ్గురికీ మానడానికి నాలుగు నెలలు పట్టింది. మా అమ్మాయి ఇప్పుడు జడ పైకి చుట్టుకుని తిరుగుతోంది. దాచుకున్న ఎనిమిది నెలలూ నేను మందులకు పెట్టిన డబ్బు, పరీక్షకు అయినదానికంటే ఎన్నోరెట్లు ఎక్కువ. చీకట్లో మూతపెట్టిన చోటే బూజు పెరుగుతుంది. మనం చెప్పుకోని జబ్బులకు కూడా ఆ మాట వర్తిస్తుంది. ఇది విన్న వారిలో ఎవరైనా రేపు ఆ ట్యూబు పక్కన పెట్టి డాక్టరుకు చూపించుకుంటే నా మాటలు వృథా పోనట్టే.